ఆటలో అరటిపండు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఉర్దూ మీడియం బళ్ళో పంతులు పని చేసుకునే వాళ్ళం. రోజంతా అలిఫ్, బే, పే లతో గడిచే మాకు తెలుగులో ఉపన్యాసం అంటే కొంచెం బెరుకే. ఒకటి రెండు చోట్ల మాట తడబడితే పెద్ద మనసుతో సర్దుకోండి. కార్యదర్శి గారు "విద్య గురించి నాలుగు ముక్కలు చెప్పండి మాస్టారూ" అన్నారు. స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల చదువుల గురించి చెప్పవలసిన వాళ్ళు యీ వేదిక మీద చెబుతూనే వున్నారు. మేము మాత్రం మన యిళ్ళల్లో వెనక గదుల్లో వున్న కొందరు పిల్లల గురించి, వాళ్ళ ఆట గురించి మాట్లాడతామని అనుమతి అడిగి తీసుకున్నాము. ఆట గురించి సభలో చెప్పడమేమిటని నవ్వుకోవద్దు. చివరిదాకా వినండి.

మన ప్రాంతంలో పిల్లలాడే ప్రతి ఆటలోనూ ఒక మాట వుంది. చిన్న తమ్ముడో చెల్లెలో "నేనూ ఆడతాను" అని ఏడిస్తే, పెద్ద పిల్లలు విసుక్కుని "సరే రా, నువ్వు ఆటలో అరటిపండువి" అంటారు. వాడు పరుగెడతాడు, అరుస్తాడు, సంబరపడతాడు. కానీ వాణ్ణి ముట్టుకున్నా అవుట్ లేదు, వాడు ముట్టుకున్నా అవుట్ లేదు. వాడు వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నాలుగేళ్ళ వాడికి యిది ఫరవాలేదు. మరుసటేడు పెద్దవాడవుతాడు, ఆటలో లెక్కకొస్తాడు. కానీ కొందరు పిల్లలున్నారు. పదేళ్ళు వచ్చినా, పదిహేనేళ్ళు వచ్చినా, మీసాలు వచ్చినా వాళ్ళు అరటిపళ్ళే. అదీ కాకపోతే గోడ మీద కూర్చుని చూసేవాళ్ళు. అదీ కాకపోతే గడప లోపలి వాళ్ళు.

ముందుగా మా తప్పు మేము చెప్పుకుంటాము. పెద్దల ముందు చెప్పుకుంటేనే బరువు దిగుతుంది.

కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక బళ్ళో సాయంత్రం పూట పిల్లల్ని మైదానానికి తీసుకువెళ్ళే పని కూడా మాదే. దగ్గరలోనే వుండే ఒక టైలరు గారి అబ్బాయి వీళ్ళ వెనకాలే వచ్చేవాడు. పదకొండేళ్ళ వాడు. మాట ఆలస్యంగా వచ్చింది, నడక ఆలస్యంగా వచ్చింది, లెక్క అయిదు దాటి పోదు. "సార్, మై భీ" అని రోజూ మా చొక్కా అంచు పట్టుకునేవాడు. వాడికి రూల్సు అర్థం కావు, దెబ్బ తగిలించుకుంటాడు, మిగతా పిల్లల ఆట పాడవుతుంది అని మేమే తీర్మానించేశాము. పరీక్షించి కాదు, చూపుతోనే. వాడి మనసు నొప్పించడం యిష్టం లేక ఒక ఉద్యోగం యిచ్చాము. పిల్లల చెప్పులన్నీ ఒక చెట్టు కింద పెట్టించి, "బేటా, నువ్వు యివి చూస్తూ వుండు. నేను చెప్పేదాకా కదలకు" అన్నాము. వాడు సంతోషంగా కూర్చున్నాడు. అలా రెండేళ్ళు కూర్చున్నాడు. మేము చాలా దయగల పని చేశామనుకున్నాము.

ఒక అక్టోబరు సాయంత్రం తుఫాను వాన ఒక్కసారిగా పడింది. మన తీరంలో ఆ వానలు ఎలా వస్తాయో మీకు తెలుసు. పిల్లలు చెప్పులు వదిలేసి వట్టి కాళ్ళతో ఎవరి యిళ్ళకు వాళ్ళు పరుగెత్తారు. మేము బండి తీసుకుని యింటికి వచ్చేశాము. బట్టలు మార్చుకున్నాము, టీ తాగాము. మగ్రిబ్ నమాజు అయ్యాక తలుపు చప్పుడైంది. టైలరు గారు తడిసి ముద్దై నిలబడి వున్నారు. "మాస్టర్ సాబ్, మా వాడు యింకా యింటికి రాలేదు. మీకు తెలుసేమోనని" అన్నారు.

మాకు ఒళ్ళు చల్లబడింది. యిద్దరం మైదానానికి పోయాము. కరెంటు లేదు. టార్చి వేసి చూస్తే ఆ చెట్టు కింద వాడున్నాడు. చొక్కా విప్పి చెప్పుల మీద కప్పాడు. పైన తాను వంగి కూర్చున్నాడు. వణికిపోతున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. మేము "లే బేటా, అయిపోయింది" అన్నాకనే లేచాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ మైదానంలో మేము చెప్పిన మాట చివరిదాకా విన్నవాడు వాడొక్కడే. వాడికే మేము "రూల్సు అర్థం కావు" అని పేరు పెట్టాము. క్రమశిక్షణ, ఓర్పు, జట్టు సామాను కాపాడాలనే బుద్ధి, ఏ ఆటల మాస్టారైనా యింతకంటే ఏమి కోరతాడు? అన్నీ వున్నవాణ్ణి మేము చెప్పుల దగ్గర కూర్చోబెట్టాము.

సోదరులారా! మన ఉత్తరాంధ్ర గడ్డ ఆటకు పేరు పడ్డ గడ్డ. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, ప్రపంచమంతా బలప్రదర్శనలు చేసిన కోడి రామ్మూర్తి గారి పేరుతో శ్రీకాకుళంలో స్టేడియం వుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు మన ఆడపడుచే. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. యిక మన విజయనగరం మహరాజకుమార్, 'విజ్జీ' గారు, 1936లో ఇంగ్లండుకు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. ఆడిన మూడు టెస్టుల్లో వారి పరుగులు మొత్తం 33. ఆటకు వారు చేసిన సేవ వేరే వుంది, కాదనము. కానీ ఆట అంతంత మాత్రంగా వున్నా ఆ రాజుగారిని ఎవ్వరూ "ఆటలో అరటిపండు" అనలేదు. టైలరు గారి అబ్బాయికి ఆ పేరు పెట్టడానికి మాత్రం మనకు నిమిషం పట్టదు.

యీ పిల్లల్ని మన వీధుల్లో ఏమని పిలుస్తారో యీ సభలో మేము ఉచ్చరించము. మీకు తెలిసినవే. ఆ మాటలు తల్లి చెవిలో పడితే ఎలా వుంటుందో కూడా తెలుసు. సరైన మాట 'ఎదుగుదలలో ఆలస్యం'. పెద్దయ్యాక కూడా నేర్చుకునే శక్తిలో వెనకబాటు వుంటే 'మేధో వైకల్యం' అంటారు. ఆటిజం వేరు, సెరిబ్రల్ పాల్సీ వేరు, డౌన్ సిండ్రోమ్ వేరు. అన్నీ ఒకటే జబ్బు కాదు. దయ్యమూ కాదు, దిష్టీ కాదు, తల్లి చేసిన పాపమూ కాదు. బిడ్డ తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోతే, ఏడాదిన్నరకు నడవకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి చెప్పకపోతే డాక్టరుకు చూపించాలి. "మా మామగారికీ ఆలస్యంగానే మాట వచ్చింది" అని రోజులు నెట్టకూడదు. తాయత్తు కట్టే వాళ్ళు కట్టుకోండి, మేము తగవు పెట్టుకోము. కానీ తాయత్తు కట్టిన చేత్తోనే బిడ్డను ఆసుపత్రికి కూడా ఎత్తుకువెళ్ళండి.

దేశంలో 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని వుంది. పుట్టిన బిడ్డ దగ్గర నుంచి 18 ఏళ్ళ దాకా, అంగన్‌వాడీల్లోనూ బళ్ళల్లోనూ వైద్య బృందం వచ్చి పిల్లల్ని చూడాలి. చూడవలసిన నాలుగు రకాల్లో ఎదుగుదలలో ఆలస్యం ఒకటి. మన రాష్ట్రంలో యిలాంటి పిల్లల కోసం మండలాల్లో 'భవిత' కేంద్రాలున్నాయి. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఈనాటికీ యీ పనికే అంకితమై వుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో వున్నవి ఏడే. ఆ 2016 చట్టం బళ్ళ గురించి చెప్పేటప్పుడు చదువుతో ఆగలేదు. యీ పిల్లలకు అందరితో సమానంగా ఆటలు, వినోదం కూడా వుండాలని రాసింది. ఆ సంగతి తెలిశాక మాకు సిగ్గేసింది. మేము రెండేళ్ళు చేసింది దయ కాదు, వాడి హక్కు వాడికి యివ్వకపోవడం.

దాచడం మన ఒక్కరి గుణమే అనుకోవద్దు. అమెరికా అధ్యక్షుడు కెనడీ గారి సొంత అక్కచెల్లెళ్ళలో రోజ్‌మేరీ అనే ఆమెకు మేధో వైకల్యం వుండేది. అంత ధనమూ, అధికారమూ వున్న ఆ కుటుంబం కూడా ఏళ్ళ తరబడి ఆ సంగతి లోకానికి చెప్పలేదు. 1962లో ఆమె చెల్లెలు యూనిస్ కెనడీ శ్రైవర్ ధైర్యం చేసి ఒక పత్రికలో బయటపెట్టింది. ఆ ఏడే తన యింటి పెరట్లో యిలాంటి పిల్లలకు వేసవి ఆటల శిబిరం పెట్టింది. ఆ పెరటి ఆటే పెరిగి 1968 జులై 20న చికాగోలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ అయింది. ఆ రోజు ఆడింది సుమారు వెయ్యి మంది.

1980ల చివరలో అదే సంస్థ యింకో అడుగు వేసింది. వైకల్యం వున్న పిల్లలు వేరుగా, లేని పిల్లలు వేరుగా ఆడడం ఎందుకని, యిద్దరినీ కలిపి ఒకే జట్టు చేసింది. దానికి 'యూనిఫైడ్ స్పోర్ట్స్' అని పేరు. అయిదుగురి ఫుట్‌బాల్ జట్టులో ముగ్గురు వైకల్యం వున్న వాళ్ళు, యిద్దరు లేనివాళ్ళు. వాలీబాల్‌లో ముగ్గురూ ముగ్గురు. కలిపిన వాళ్ళ వయసూ, ఆట చేతనయ్యే తీరూ కూడా దగ్గర దగ్గరగా వుండాలి. ఒక మొనగాణ్ణి తెచ్చి పెట్టి, వాడొక్కడే బంతి అంతా ఆడేసి, మిగతావాళ్ళు చప్పట్లు కొడితే అది కలిపి ఆడడం కాదు. ఆ పద్ధతి చదివినప్పుడు మాకు మన అరటిపండు మాటే గుర్తొచ్చింది. ఎక్కడి వాళ్ళో తెల్లవాళ్ళు కూడా అదే గోతిని చూసి దాటుకున్నారు.

మన దేశంలో యీ స్పెషల్ ఒలింపిక్స్ 'భారత్' పేరుతో 2001 నుంచి పనిచేస్తోంది. 2019లో అబుదాబి ప్రపంచ క్రీడల్లో మన పిల్లలు 368 పతకాలు తెచ్చారు. 2023లో బెర్లిన్‌లో 202 తెచ్చారు, వాటిలో 76 బంగారువి. క్రికెట్ కప్పు వస్తే టపాసులు కాల్చిన మనం ఆ రెండు సార్లూ ఏమీ కాల్చలేదు. మనకు తెలియనే లేదు.

మన తెలుగు పిల్ల ఒకామె పేరు మాత్రం మీరు వినే వుంటారు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి. కూలిపని చేసుకునే తల్లిదండ్రులు. పుట్టుకతో మేధో వైకల్యం. చిన్నప్పుడు ఊళ్ళో ఎన్ని ఎగతాళి మాటలు పడిందో పత్రికలన్నీ రాశాయి. ఆమె పరుగు చూసి ఒక ఆటల గురువు చేయి పట్టుకున్నాడు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అందరు పిల్లలూ దీప్తులు కావాలని మేము చెప్పడం లేదు. మామూలు పిల్లలందరూ మల్లీశ్వరులు అవుతున్నారా? పతకం వస్తేనే ఆడనిస్తామంటే ఊళ్ళో ఒక్కడూ ఆడకూడదు.

యిక వాన పడిన తర్వాత మేము ఏం చేశామో చెబుతాము. పుస్తకాల్లో వున్న ఆటలు మన దగ్గర కుదరవు, సామాను లేదు. మనకు తెలిసిన ఏడు పెంకులాటే తీసుకున్నాము. దాన్ని కొంచెం మార్చాము. జట్టుకు అయిదుగురు, పెంకులు కూడా అయిదే. చిన్న పెంకులు తీసేసి, చేతికి అందేంత వెడల్పు పెంకులు తెచ్చాము. రబ్బరు బంతి బదులు గుడ్డ బంతి. బంతి దెబ్బ తగిలినవాడు అవుట్ అయిపోడు, గీత దాకా వెళ్ళి ముట్టుకుని తిరిగి రావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటే నిబంధన. కూలిన పెంకులు నిలబెట్టేటప్పుడు జట్టులో ప్రతివాడూ తన పెంకు తానే పెట్టాలి. ఒకడిది యింకొకడు పెట్టకూడదు. అయిదోవాడి పెంకు పడేదాకా ఆట గెలిచినట్టు కాదు.

మొదటి ఆదివారం రసాభాస అయింది. టైలరు గారి అబ్బాయి వంతు రాగానే వాడి చేతిమీద యింకొకడు చేయి వేసి పెంకు పెట్టించేశాడు. మేము వొప్పుకోలేదు. రెండో ఆదివారం అవతలి జట్టు వాళ్ళు "పాపం రా, ఆడి మీద బంతి ఎయ్యకండి" అని ఆపేశారు. మేము మెచ్చుకోబోయాము. అంతలో వాడే పెంకు కింద పారేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎంత బతిమాలినా లేవడు. చివరికి వాడే తన గుండె మీద కొట్టుకుని "మారో" అన్నాడు. నన్నూ కొట్టండి అని. అప్పుడు మాకు తెలిసింది, జాలిపడినా అరటిపండే. బంతి వేశారు, తగిలింది, నవ్వుకుంటూ గీత దాకా పోయి వచ్చాడు.

వాడి చేతులు నిదానం. మిగతావాళ్ళు తొందరలో మూడో పెంకు దగ్గర కూల్చేసేవారు. వీడు పెట్టింది కూలదు, కానీ చాలాసేపు పడుతుంది. ఆ సేపు బంతి దెబ్బలు కాయడం ఎలాగని జట్టు వాళ్ళే ఆలోచించుకున్నారు. యిద్దరు అడ్డం నిలబడడం, ఒకడు బంతిని దూరంగా తన్నడం మొదలుపెట్టారు. యిది మేము నేర్పలేదు. బళ్ళో పదేళ్ళుగా "జట్టుగా ఆడండి" అని గొంతు చించుకున్నా మా పిల్లలకు రాని విద్య, వాడి నిదానం వల్ల నెల రోజుల్లో వచ్చింది. ఐదు వేళ్ళూ ఒక్కలా వుండవు అంటాము. ముద్ద ఎత్తేటప్పుడు మాత్రం ఐదూ కలవాలి కదా.

అన్నీ బాగా జరిగాయని చెబితే అబద్ధమవుతుంది. ఆటిజం వున్న ఎనిమిదేళ్ళ బాబును వాళ్ళ నానీ తీసుకొచ్చింది. మేము ఈల వేయగానే చెవులు మూసుకుని కేకలు పెట్టి యింటికి పరుగెత్తాడు. తప్పు మాది, వాడిది కాదు. ఆ రోజు నుంచి ఈల మానేసి పచ్చ చేతిరుమాలు ఊపడం నేర్చుకున్నాము. వాడు పదకొండు ఆదివారాలు గీత బయటే నిలబడ్డాడు. పన్నెండో ఆదివారం లోపలికి వచ్చి, ఎవరూ పిలవకుండా ఒక పెంకు పెట్టి మళ్ళీ బయటకు పోయాడు. వాళ్ళ నానీ కొంగుతో కళ్ళు వొత్తుకుంది. ఆ రోజుకు అదే కప్పు.

యింకో తండ్రి, రిక్షా తొక్కే ఆయన, మొదట మా మీద కోప్పడ్డాడు. "ఆడికి ఆట ఏటి తెలుస్తాది మాస్టారూ? నలుగురూ నవ్వడానికా?" అన్నాడు. మేము వాదించలేదు. "మీరూ వచ్చి చూడండి" అన్నాము. యిప్పుడు మైదానంలో గీతలు గీసేది ఆయనే. మామూలు పిల్లల తండ్రులు కొందరు "మా వాడి ఆట వెనకబడిపోతుంది" అన్నారు. వారికి మా జవాబు ఒకటే. వారానికి ఆరు రోజులు మీ వాడు గెలవడానికి ఆడుతున్నాడు. ఏడో రోజు పక్కవాడి కోసం ఆగడం నేర్చుకుంటే మీ ముసలితనంలో అది మీకే పనికొస్తుంది.

ఆడించే ముందు జాగ్రత్తలు కూడా చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ వున్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో పుట్టుకతో లోపం వుంటుంది. కొందరికి మెడ కీలు వదులుగా వుంటుంది. డాక్టరు చూసి సరే అనేదాకా పిల్లిమొగ్గలు, మెడ మీద బరువు పడే ఆటలు, ఒకరినొకరు గుద్దుకునే ఆటలు వద్దు. మూర్ఛ వచ్చే పిల్లవాడు మందు మానకూడదు, ఆ సంగతి మాస్టారుకు ముందే చెప్పాలి. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాల గుత్తి చేతిలో పెట్టడం మందు కాదు. ఒక మాట ఒకసారి చెప్పాలి, చిన్నగా చెప్పాలి, చేసి చూపించాలి. ఎండ ఎక్కకముందే ఆట ముగించాలి.

యిప్పుడు మా గుండెలో ముల్లు చెబుతాము. పదమూడేళ్ళ ఒక అమ్మాయి మా ఆటకు రెండు ఆదివారాలు వచ్చింది. బంతి విసరడంలో మగపిల్లల్ని మించిపోయింది. మూడో ఆదివారం రాలేదు. కనుక్కుంటే, వాళ్ళ అక్కకు సంబంధాలు చూస్తున్నారట. "యిలాంటి చెల్లెలుందని తెలిస్తే పిల్లను చేసుకుంటారా మాస్టర్ సాబ్?" అని వాళ్ళ అమ్మీ అడిగింది. మేము జవాబు చెప్పలేక వచ్చేశాము. ఆమెను మేము తప్పు పట్టలేము. ఆమె భయపడేది ఎవరికి? మనకే. సంబంధం చూడడానికి వెళ్ళి, లోపలి గదిలో ఎవరున్నారని వాకబు చేసి, బిర్యానీ తిని వచ్చి "వద్దు" అని కబురు పంపేది మనమే. యీ సభలో కూర్చున్న మనమే. కాబట్టి జవాబు ఆ తల్లి దగ్గర లేదు, మన దగ్గర వుంది.

మతం పేరు చెప్పి మిమ్మల్ని కట్టేయాలని కాదు గానీ ఒక్క సంగతి గుర్తు చేస్తాము. బుద్ధి కొంచెం సరిగా లేని ఒక స్త్రీ ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గారి దగ్గరకు వచ్చి తనకు పని వుందన్నది. ఆయన విసుక్కోలేదు, మరొకరికి అప్పగించలేదు. నీకు యిష్టమైన వీధి చూసుకో, వస్తానని చెప్పి, దారిలో ఆమెతో నిలబడి ఆమె చెప్పదలచుకున్నది పూర్తయ్యేదాకా విన్నారు. హదీసుల్లో వుంది, ఉలమాలు యిక్కడే వున్నారు, అడగవచ్చు. గమనించండి, ఏ వీధి అన్నది ఆమెకే వదిలారు. నలుగురూ తిరిగే దారిలోనే నిలబడ్డారు. వెనక గదిలో కాదు.

యిక మన సంఘానికి మా మనవి నాలుగు మాటలు. ఒకటి, ప్రతి పేటలోనూ యిద్దరు అక్కచెల్లెళ్ళు యిల్లిల్లూ వెళ్ళి, యిలాంటి పిల్లలున్న తల్లులతో మర్యాదగా మాట్లాడి రావాలి. పేర్లు నోటీసు బోర్డుకు ఎక్కించడానికి కాదు, తోడు వున్నామని చెప్పడానికి. రెండు, సదరం శిబిరానికి తీసుకెళ్ళడానికి, కాగితాలు నింపడానికి చదువుకున్న కుర్రాళ్ళు సాయం చెయ్యాలి. సర్టిఫికెట్టు పింఛనుకే అనుకుంటున్నాము, బళ్ళో హక్కు అడగడానికీ అదే ఆధారం. మూడు, ఆదివారం ఉదయం ఫజర్ తర్వాత రెండు గంటలు ఒక మైదానం చూపించండి. గుడ్డ బంతులు టైలరు గారే కుట్టి యిస్తామన్నారు. నాలుగు, యిది మన పిల్లలకే అని గిరి గీయవద్దు. ఎదుగుదలలో ఆలస్యానికి మతం తెలియదు. అన్ని వీధుల పిల్లలూ రావాలి.

టైలరు గారి అబ్బాయి సంగతి అడుగుతారేమో. అద్భుతాలేమీ జరగలేదు. వాడికి యిప్పటికీ లెక్క అయిదు దాటలేదు. ఎవరు గెలిచారో అడిగితే "హమ్" అంటాడు. మేము అంటాడు. ఓడినా అదే జవాబు. కానీ వాడికి యిప్పుడు వీధిలో సలాం చెప్పే స్నేహితులు తొమ్మిది మంది వున్నారు. మొన్న రంజానులో యింటింటికీ వెళ్ళి వాళ్ళతో పాటు షీర్ ఖుర్మా తాగి వచ్చాడు. వాళ్ళ అమ్మీ మాతో "మాస్టర్ సాబ్, వాడు ఎక్కడికి పోయాడోనని జీవితంలో మొదటిసారి వెతుక్కున్నాను" అన్నది. ఆమె నవ్వుతూనే చెప్పింది. మేము మాత్రం ఆ వాన రాత్రిని తలుచుకుని తల వంచుకున్నాము.

వచ్చే ఆదివారం మీ పిల్లల్ని తీసుకుని రండి. నడిచేవాణ్ణి నడిపించి తీసుకురండి, నడవలేని వాణ్ణి ఎత్తుకుని తీసుకురండి. వయసు అడ్డం లేదు, మాట రాకపోయినా అడ్డం లేదు. ఒక్కటే షరతు. మా మైదానంలో చెప్పులు చూసేవాడంటూ ఎవడూ లేడు. ఎవరి చెప్పులు వాళ్ళే చూసుకోవాలి.

అల్లాహ్ మన చేత యీ పని చేయించుగాక.